రింగ్ పెసరీ ఉండగా కటి కండరాల వ్యాయామం: లోపల ఉంచి చేయించాలా, తీసి చేయించాలా?

ఫిజియో_తణుకు

గర్భసంచి గానీ మూత్రాశయం గానీ జారిందని, దాన్ని మోసేలా యోనిలో రింగ్ (పెసరీ) పెట్టించుకున్నవాళ్లను గైనిక్ ఓపీ నుంచి ఫిజియోకి పంపుతున్నారు. చీటీ మీద "పెల్విక్ ఫ్లోర్ ఎక్సర్‌సైజులు" అని ఒక్క ముక్క ఉంటుంది. ఏ భాగం ఎంత జారింది, రింగ్ సైజెంత, ఎప్పుడు పెట్టారు, ఏదీ ఉండదు. అందుకే అడుగుతున్నాను. కండరాల బలం చూసేటప్పుడు రింగ్ తీయించాలా? ఇంట్లో చేసుకునేటప్పుడు లోపల ఉండొచ్చా? రింగ్ పెట్టాక దగ్గితే కొత్తగా మూత్రం కారుతోందంటే అది వ్యాయామం వల్లేనని కొందరు మానేస్తున్నారు, వాళ్లకు ఏం చెప్పాలి? దొడ్డికి కూర్చున్నప్పుడు రింగ్ జారి పడిపోతోందంటే సైజు పెంచమని తిరిగి పంపడమేనా?

యూరోగైనిక్_హనుమకొండ

ముందు మొదటి ప్రశ్న. బలం చూసేది రింగ్ తీసే. లోపల రింగ్ ఉంటే వేలికి దాని అంచు అడ్డొస్తుంది. కండరం బిగిసిందో, రింగే కదిలిందో తేలదు. మూత్రం పోసి రమ్మనండి, వెల్లకిలా పడుకోబెట్టండి, ఒక వేలితో మొదలుపెట్టండి. బిగింపు బలానికి మార్కు వేసే మాడిఫైడ్ ఆక్స్‌ఫర్డ్ స్కేల్‌లో 0 (అసలు లేదు) నుంచి 5 (గట్టి బిగింపు) దాకా ఎంతో రాయండి. ఎన్ని సెకన్లు నిలబెట్టగలుగుతోంది, అలా ఎన్నిసార్లు, వెంటవెంటనే ఎన్ని బిగింపులు అన్నవి కూడా రాయండి. కుడి, ఎడమ విడివిడిగా చూడండి. ఫోర్సెప్స్ కాన్పు అయినవాళ్లలో ఒక పక్క ప్యూబోరెక్టాలిస్ (కటి అడుగున ఉండే కండరాల్లో ఒకటి) ఎముక నుంచి ఊడి ఉండొచ్చు. బిగించమన్నప్పుడు మూత్రనాళం పక్కన ఆ వైపు వేలికి కండరం తగలకుండా ఖాళీగా ఉంటే అనుమానించాలి. అలాంటి చోట వ్యాయామం మిగిలిన కండరాన్ని బలపరుస్తుంది కానీ, ఊడినదాన్ని అతికించదు. ఆమెకు రింగ్ దీర్ఘకాలం అవసరం పడొచ్చు. ఆ మాట మొదటి రోజే చెప్పడం న్యాయం.

తర్వాత రింగ్ పెట్టి, నిలబెట్టి, మళ్లీ బిగించమనండి. ఈసారి వేలు పెట్టకుండా "రింగ్ ఎటు కదిలినట్టుంది?" అని అడగండి. పైకి లాగినట్టుందంటే సరిగ్గా చేస్తోంది. కిందికి దిగినట్టుందంటే బిగించడం లేదు, ముక్కుతోంది. ఈ తేడా దొరక్కుండా వ్యాయామం రాసిస్తే రోజుకు ముప్ఫైసార్లు ముక్కమని రాసిచ్చినట్టే.

ఓపీ_నర్సు_తిరుపతి

పెసరీ పెట్టిన రోజు ఏం చూసి పంపుతామో ఫిజియోలకు తెలిస్తే చాలా గొడవలు తగ్గుతాయి.

రింగ్ వెనక అంచు గర్భాశయ ముఖం వెనకాల ఉండే గుంతలో, ముందు అంచు జఘనాస్థి వెనక నిలుస్తుంది. మధ్యలో అది యోని గోడను, దానిపైన మూత్రాశయాన్ని మోస్తుంది. రెండు వేళ్లతో ఆ లోతు కొలిచి దగ్గరి సైజు ఎంచుకుంటాం. మన దగ్గర ఎక్కువగా మిల్లీమీటర్లలో దొరుకుతాయి. పెట్టాక రింగ్ చుట్టూ వేలు తేలిగ్గా తిరగాలి. తిరగకపోతే పెద్దది. తర్వాత దగ్గించాలి, ముక్కించాలి, గొంతుక్కూర్చోబెట్టాలి, వరండాలో పది నిమిషాలు నడిపించాలి, చివరికి మూత్రం పోసి రమ్మనాలి. మూత్రం ధారగా రాకపోతే ఆ రింగుతో ఇంటికి పంపకూడదు. సరైన సైజైతే లోపల ఉన్నట్టే తెలియకూడదు.

ఒకటి రెండు వారాల్లో మొదటి రీచెక్. ఫిజియో అదే వారంలో మొదలైతే ఇద్దరం ఒకే సమస్యను రెండుసార్లు వెతుక్కునే పని తప్పుతుంది.

కటి_ఫిజియో_సికింద్రాబాద్

రెండో ప్రశ్నకు నా జవాబు: ఇంట్లో రింగ్ లోపలే ఉండాలి, ముఖ్యంగా నిలబడి చేసేవాటికి. రింగ్ లేకుండా నిలబడితే జారిన భాగం దిగుతుంది, కండరం సాగిన స్థితిలో బిగించాల్సి వస్తుంది, బరువు లాగినట్టుంటుంది. రెండు రోజులు చేసి మానేస్తారు. రింగ్ ఆ బరువు మోస్తుంటే కండరానికి పని చేసుకునే వెసులుబాటు వస్తుంది.

ఎంత చేయించాలన్నది ఆమె కండరాన్ని బట్టే. "పది సెకన్లు, పదిసార్లు" అని అందరికీ ఒకే కాగితం ఇవ్వొద్దు. మూడు సెకన్లకే వదిలేసే కండరానికి మూడు సెకన్లు, ఐదుసార్లు, మధ్యలో ఆరు సెకన్ల విరామం. అక్కడినుంచి వారం వారం పెంచుకుంటూ 8 నుంచి 10 సెకన్ల బిగింపు, 8 నుంచి 12 సార్లు, రోజుకు మూడు విడతలకు చేరాలి. ప్రతి విడత చివర ఐదారు వేగపు బిగింపులు. మొదటి రెండు వారాలు పడుకుని, తర్వాత కూర్చుని, ఆ తర్వాత నిలబడి. ఊపిరి బిగబట్టకూడదు. నాభి లోపలికి పోవడం, పిరుదులు గట్టిపడటం, తొడలు దగ్గరకు నొక్కడం, ఇవన్నీ బలహీనమైన కండరం అరువు తెచ్చుకునే బలం. ఒక చెయ్యి పిరుదు మీద పెట్టుకుని చేయమంటే ఆమెకే తెలుస్తుంది.

"మూత్రం ఆపుకున్నట్టు" అని ఒక్కసారి చూపడానికి చెప్పండి గానీ, మూత్రం పోస్తూ మధ్యలో ఆపే అలవాటు చేయించొద్దు. "అపానవాయువు ఆపుకుంటూ, ఆ బిగింపును ముందుకు, పైకి లాగండి" అంటే మన ఆడవాళ్లకు వెంటనే అందుతుంది.

రింగ్ తీయాల్సిన సందర్భాలు: లోపల ప్రోబ్ పెట్టి బిగింపును తెర మీద చూపే బయోఫీడ్‌బ్యాక్, కరెంటుతో కండరాన్ని కదిలించే ఎలక్ట్రికల్ స్టిమ్యులేషన్, యోనిలో చిన్న బరువులు నిలుపుకునే కోన్ల సాధన. రింగ్ తీయడం కుదరకపోతే మలద్వారం పక్కన అంటించే ఎలక్ట్రోడ్లతో ఈఎంజీ (కండరంలోని విద్యుత్ సంకేతాల నమోదు) చూడొచ్చు.

సందేహం_గుంటూరు

వ్యతిరేకించడానికి కాదు గానీ, రింగ్, వ్యాయామం రెండూ కలిపితే ఒక్కటి చేసినదానికంటే మేలని అంత ధీమాగా చెప్పలేం కదా? అమెరికాలో 2010లో వచ్చిన అట్లాస్ అధ్యయనంలో 446 మందిని పెసరీ, వ్యాయామ శిక్షణ, రెండూ కలిపి అని మూడు గుంపులు చేశారు. కలిపిన గుంపు, శిక్షణ ఒక్కటే తీసుకున్న గుంపును దాటలేదు.

యూరోగైనిక్_హనుమకొండ

మంచి మాట ఎత్తారు. కానీ అది దగ్గితే, తుమ్మితే మూత్రం కారే సమస్య మీద చేసినది, జారడం మీద కాదు. మూడు నెలల దగ్గర పెసరీ ఒక్కటే వాడినవాళ్లకంటే శిక్షణ పొందినవాళ్లు మెరుగ్గా ఉన్నారు, ఏడాదికి ఆ తేడా పోయింది. కాబట్టి ఒట్టి మూత్రం కారడమే బాధ అయితే ముందు శిక్షణ, పరుగు లాంటి పనులకు మాత్రమే పెసరీ అంటే నేనూ ఒప్పుకుంటాను.

జారడం మీద చూడాల్సింది 2016లో హాంకాంగ్ నుంచి వచ్చినది. 276 మంది, జారుడు ఒకటి నుంచి మూడో దశ దాకా ఉన్నవాళ్లు (దశ పెరిగేకొద్దీ ఎక్కువ కిందికి జారినట్టు). ఒక గుంపుకు వ్యాయామ శిక్షణే, రెండో గుంపుకు శిక్షణతో పాటు రింగ్. ఏడాది తర్వాత జారిన బాధ, దానివల్ల రోజువారీ ఇబ్బంది రింగ్ గుంపులో ఎక్కువ తగ్గాయి. అయితే కొత్తగా మూత్రం కారడం కూడా ఆ గుంపులోనే ఎక్కువ. తణుకు గారి మూడో ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థవి 2019లో ఒకటి, రెండు దశలకు కనీసం 16 వారాలు పర్యవేక్షణలో వ్యాయామాన్ని మొదటి మార్గంగా పరిశీలించమన్నాయి. పెసరీని విడిగా గానీ, ఆ వ్యాయామంతో కలిపి గానీ ఇవ్వొచ్చన్నాయి. "పర్యవేక్షణలో" అన్న మాట మీద నా పట్టు. కాగితం చేతిలో పెట్టి పంపడం పర్యవేక్షణ కాదు.

కటి_ఫిజియో_సికింద్రాబాద్

మూడో ప్రశ్న. మూత్రాశయం కిందికి జారినప్పుడు మూత్రనాళం మడతపడి ఉంటుంది, నీళ్ల పైపు వంగినట్టు. ఆ మడతే కారకుండా ఆపుతుంది. రింగ్ మూత్రాశయాన్ని లేపగానే మడత విడుతుంది, లోపల దాగిన బలహీనత బయటపడుతుంది. వ్యాయామం తెచ్చింది కాదు. ఈ మాట రింగ్ పెట్టకముందే చెప్పి ఉంటే ఎవరూ మానేయరు.

చెయ్యాల్సింది "ముందు బిగింపు". దగ్గు, తుమ్ము, బిందె ఎత్తడం, నవ్వు, వీటికి ఒక క్షణం ముందు కండరాన్ని బిగించి, పని అయ్యేదాకా పట్టి ఉంచడం. 1998లో మిషిగన్ బృందం ఇది నేర్పిన వారానికే దగ్గులో కారే మూత్రం తగ్గిందని చూపింది. కండరం బలపడటానికి మూడు నెలలు కావాలి, ఈ కిటుకుకు వారం చాలు. అందుకే మొదటి రోజే నేర్పండి. అప్పటికీ కారుతుంటే మూత్రనాళం కింద నిలిచే బుడిపె ఉన్న రింగ్ ఉంటుంది, దానికి మార్చమని గైనిక్‌కు రాయండి. పెట్టేటప్పుడు బుడిపె ముందువైపు, సరిగ్గా మధ్యలో ఉండాలి. పక్కకు తిరిగితే పనిచేయదు.

ఓపీ_నర్సు_తిరుపతి

రింగ్ పడిపోవడం గురించి. "పడిపోయింది, పెద్దది పెట్టండి" అనగానే పెద్దది పెట్టడం చాలాచోట్ల జరిగే పొరపాటు. మొదట అడగాల్సింది ఎప్పుడు పడింది అని. నడుస్తుంటే, పొలంలో వంగి ఉంటే పడిందా, దొడ్డికి ముక్కినప్పుడే పడిందా? రెండోదైతే సైజు చాలావరకు సరిగ్గానే ఉంటుంది, మలబద్ధకమే తోస్తోంది. పెద్ద రింగ్ పెడితే మలాశయం మీద మరింత ఒత్తుతుంది, మలబద్ధకం ఇంకా పెరుగుతుంది, అదీ పడుతుంది.

నేల మరుగుదొడ్డిలో గొంతుక్కూర్చుంటే మలం తేలిగ్గానే వస్తుంది, చిక్కు ముక్కడంతోనే. మలం వచ్చే వేళ యోని, మలద్వారం మధ్య భాగాన్ని టిష్యూ గానీ శుభ్రమైన గుడ్డ గానీ పెట్టి చేత్తో పైకి అదిమి పట్టుకోమనండి. ఊపిరి బిగబట్టకుండా నోటితో వదులుతూ పోనివ్వాలి. వెస్టర్న్ కమోడ్ అయితే కాళ్ల కింద చిన్న పీట వేసి, మోకాళ్లు తుంటికంటే ఎత్తులో ఉంచి, ముందుకు వాలాలి. రాత్రి ఇసబ్గోల్ ఒకటి రెండు చెంచాలు నిండు గ్లాసు నీళ్లతో. నీళ్లు తక్కువైతే అదే గట్టిపడుతుంది.

రింగ్ పడితే కడిగి దాచి తెమ్మనండి. గుంటలో పోతే పోయిందని ఊరుకోకుండా వెంటనే రమ్మనండి.

యూరోగైనిక్_హనుమకొండ

దీనికి ఒక కొలత జత చేస్తాను. ముక్కమని చెప్పి, మూత్రరంధ్రం నుంచి యోని వెనక అంచు దాకా, అక్కడినుంచి మలద్వారం మధ్య దాకా కొలవండి. జారుడును సెంటీమీటర్లలో కొలిచే పీఓపీ-క్యూ పద్ధతిలో జీహెచ్, పీబీ అనేవి అవే. రెండూ కలిపి 7 సెం.మీ. లేదా అంతకుమించితే కింది ద్వారం బాగా సాగిందని అర్థం. రింగ్ కూర్చునే అరుగే వెడల్పయింది కనుక జారుతుంది. యోని పొడవు 6 సెం.మీ. లోపు ఉన్నా, ద్వారం నాలుగు వేళ్ల వెడల్పున్నా రింగ్ నిలవడం కష్టం. గర్భసంచి తీసేసినవాళ్లలో మరీను, వెనక అంచు ఆనుకునే గర్భాశయ ముఖమే ఉండదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తొలగింపులు ఎక్కువగా కనిపించే రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి కాబట్టి మనకు ఇది పుస్తకం మూలన ఉండే సంగతి కాదు. వాళ్లకు వేరే ఆకారపు పెసరీలు, అంటే కాడ ఉన్న గెల్‌హార్న్ గానీ, ఘనాకారపు క్యూబ్ గానీ చూడాలి.

ఇంకో మాట. పెసరీ వాడినవాళ్లలో మూడు నెలలకు ఆ ద్వారం వెడల్పు కొంత తగ్గిందని 2008లో ఒక పరిశీలన వచ్చింది. వ్యాయామంతో లెవేటర్ ద్వారం (కటి అడుగు కండరాల మధ్య ఖాళీ) చిన్నదవుతుందని, మూత్రాశయం పైకి లేస్తుందని నార్వేలో 2010లో అల్ట్రాసౌండ్‌తో చూపారు. కాబట్టి మూడు నాలుగు నెలలు శిక్షణ సాగాక సైజు మళ్లీ చూడాలి. ఒకప్పుడు సరిపోయిన రింగే ఒత్తుతుంటే అది మెరుగుదల కావచ్చు, చిన్న సైజుకు దిగొచ్చు.

ఏఎన్‌ఎం_కదిరి

పల్లెల్లో రెండు సంగతులు మాకు అడ్డుపడుతున్నాయి. మందుల షాపులో "పెసరీ" అంటే ఫంగస్‌కు లోపల పెట్టే మాత్రలు చేతిలో పెడుతున్నారు, వాటి పేరూ అదే కాబట్టి. చీటీ మీద "రింగ్ పెసరీ, సిలికాన్, ఇన్ని మి.మీ." అని పూర్తిగా రాయమని డాక్టర్లను కోరండి. రెండోది, రింగ్ పెట్టించుకుని మర్చిపోవడం. పెట్టిన డాక్టరు బదిలీ అయిపోతారు, చీటీ పోతుంది, బాధ లేదు కదా అని ఎవరూ రారు. నాట్లు, కోతలు చేసేవాళ్లకు బరువులు మానమని చెప్పినా కుదరదు. వాళ్లకు ఏం చెప్పాలి?

కటి_ఫిజియో_సికింద్రాబాద్

పని మానమనొద్దండీ, పని చేసే తీరు చెబుదాం. 15 లీటర్ల బిందె అంటే నీళ్లే 15 కిలోలు. నిండు బిందె ఒకటికి బదులు సగం బిందెలు రెండు విడతలు. వస్తువును ఒంటికి దగ్గరగా పట్టుకుని, మోకాళ్లు వంచి, ముందు బిగింపు వేసి, ఊపిరి వదులుతూ ఎత్తాలి. నాట్ల రోజుల్లో గంటకోసారి గట్టు మీద రెండు నిమిషాలు నడుం వాల్చి, పిరుదుల కింద మడిచిన గోనెసంచి పెట్టుకుంటే బరువు దిగుతుంది. రింగ్ ఆ రోజుల్లో తప్పకుండా ఉండాలి.

ఓపీ_నర్సు_తిరుపతి

మర్చిపోయే రింగ్ గురించి కదిరి గారు అన్నది అన్నిటికంటే ముఖ్యం. ఏళ్ల తరబడి వదిలేసిన పెసరీ గోడలో కూరుకుపోయి, మూత్రాశయానికో మలాశయానికో రంధ్రం పడిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. మీ రిజిస్టర్‌లో రకం, సైజు, పెట్టిన తేదీ, రావాల్సిన తేదీ రాసుకోండి. ఇంట్లో కూతురికో కోడలికో చెప్పి ఉంచమనండి. తనంతట తీసి పెట్టుకోలేనివాళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి రావాలి. పాత పీవీసీ రింగులు గట్టిపడతాయి, వాటిని మార్చాలి. సిలికాన్‌వి పగుళ్లు, రంగు మార్పు లేకపోతే కడిగి మళ్లీ వాడొచ్చు.

తీసి పెట్టుకోవడం నేర్పగలిగితే ఇంకా మేలు. బ్రిటన్‌లో 340 మందితో చేసిన టాప్సీ అధ్యయనం 2023లో వచ్చింది. స్వయంగా చూసుకున్నవాళ్ల జీవన నాణ్యత ఆస్పత్రికి వచ్చేవాళ్లతో సమానంగానే ఉంది, ఇబ్బందులు మాత్రం తక్కువ.

నేర్పే పద్ధతి ఇది. చేతులు కడుక్కోవాలి, గోళ్లు కత్తిరించి ఉండాలి. ఒక కాలు పీట మీద పెట్టి గానీ, మంచం మీద వాలి గానీ. రింగ్‌ను గీతలున్న చోట మడిస్తే అర్ధచంద్రంలా అవుతుంది. ముందు అంచుకు కొంచెం నీటి ఆధారిత జెల్. సిలికాన్ జెల్ వాడితే సిలికాన్ రింగ్ పాడవుతుంది. నడుం వైపుగా వెనక్కి తోయాలి, నిటారుగా పైకి కాదు. లోపల తెరుచుకున్నాక పావు వంతు తిప్పాలి, లేకుంటే మడత గీత ద్వారం ఎదుటే ఉండి మళ్లీ మడిచి బయటకొస్తుంది. తీసేటప్పుడు చూపుడు వేలు అంచుకు తగిలించి, కొంచెం వంచి, కిందికి, బయటికి లాగాలి. ఆ క్షణంలో కటి కండరాలు వదలాలి. ఫిజియో నేర్పిన "వదలడం" ఇక్కడ పనికొస్తుంది. వారానికో రాత్రి తీసి, మామూలు సబ్బుతో కడిగి, ఆరబెట్టి, పొద్దున పెట్టుకోవడం చాలామందికి కుదురుతుంది.

క్యూబ్ అయితే రోజూ రాత్రి తీయాల్సిందే. అది గోడలను పీల్చుకుని నిలుస్తుంది. దారం పట్టి లాగకూడదు. వేలు పక్కన పోనిచ్చి ఆ పట్టు వదిలించి, తర్వాతే తీయాలి.

ఫిజియో_తణుకు

రింగ్ ఉన్నా లోపల నొప్పి అంటున్నవాళ్లు కొందరుంటారు. వేలు పెట్టగానే కండరం రాయిలా ఉంటుంది. వాళ్లకూ ఇదే వరసా?

కటి_ఫిజియో_సికింద్రాబాద్

కాదు. అక్కడ బిగింపులు ఆపేయండి. బిగుసుకున్న కండరం కూడా బలహీనమే, పూర్తిగా వదలలేదు కనుక పూర్తిగా బిగించనూ లేదు. దాని మీద రింగ్ అంచు నొక్కితే నొప్పి, నొప్పికి ఇంకా బిగుసు. మొదట మూడు నాలుగు వారాలు వదలడమే నేర్పాలి. పొట్ట నిండా ఊపిరి తీసుకుంటూ కటి కండరం కిందికి మెత్తబడటం గమనించడం, మోకాళ్లు ఛాతీకి తెచ్చుకుని ఉండటం, వేలితో నెమ్మదిగా సాగదీయడం. ఈలోపు రింగ్ ఒక సైజు తగ్గించొచ్చా, కొన్నాళ్లు తీసేయాలా అన్నది గైనిక్ చూడాలి. ఫిజియో తనంతట సైజు మార్చకూడదు.

యూరోగైనిక్_హనుమకొండ

నొప్పికి ఇంకో కారణం పొడిబారిన గోడ. నెలసరి ఆగినవాళ్లలో ఇదే ఎక్కువ. గ్రాముకు 1 మి.గ్రా. ఎస్ట్రియాల్ ఉండే క్రీమ్ అర గ్రాము చొప్పున రెండు మూడు వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి రెండుసార్లు. రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే క్యాన్సర్ వైద్యుణ్ని అడక్కుండా వద్దు. రింగ్ అంచు దగ్గర గోడ చెదిరి రక్తం మరక కనిపిస్తే రింగ్ తీసి, క్రీమ్ వాడి, రెండు మూడు వారాలకు మళ్లీ చూడాలి. ఆ మధ్యలో లోపలి పరీక్ష, ప్రోబ్ వద్దు. పడుకుని చేసే బిగింపులు, ఊపిరి సాధన ఆపనక్కర్లేదు. నెలసరి ఆగాక వచ్చిన రక్తాన్ని మాత్రం "రింగ్ వల్లే" అని వదిలేయకూడదు. పుండు కనబడకపోయినా, మానాక మళ్లీ కనిపించినా గర్భసంచి లోపొర చూడాల్సిందే. వాసనతో పసుపుపచ్చ స్రావం, జ్వరం, మూత్రం ఆగిపోవడం, వీటికి అదే రోజు రావాలి.

ఫిజియో_తణుకు

అయితే చీటీ మీద ఏమేం ఉండాలో మీరే ఒక వరస చెప్పండి. గైనిక్‌లకు అదే పంపి అడుగుతాను.

యూరోగైనిక్_హనుమకొండ

ఏ భాగం జారింది, ఎన్నో దశ, గర్భసంచి ఉందా లేదా, ఫోర్సెప్స్ కాన్పు ఉందా. పెసరీ రకం, మి.మీ., పెట్టిన తేదీ, తనే తీసి పెట్టుకోగలదా. రింగ్ ఉండగా నిండు మూత్రాశయంతో దగ్గిస్తే కారిందా. క్రీమ్ వాడుతోందా. తర్వాత రావాల్సిన తేదీ. మీరు తిరిగి రాసేది కుడి ఎడమ బలం, ఎన్ని సెకన్లు, ముక్కుతోందా బిగిస్తోందా, జీహెచ్ పీబీ కలిపి ఎంత, రింగ్ పడితే ఏ పనిలో పడింది. ఆ చివరిది తప్పకుండా రాయండి. సైజు పెంచాలా, ఇసబ్గోల్ రాయాలా అన్నది దాన్ని చూసే తేలుస్తాం.